"అర్థం కాలేదు" అంటే ఏమిటి? ఒక చీకటి షార్ట్ ఫిల్మ్‌తో మా మూడు ప్రదర్శనలు

హైదరాబాద్‌లో ఒక అద్దె హాల్లో నెలకోసారి షార్ట్ ఫిల్మ్‌లు వేసి, చూసినవాళ్ళతో కూర్చుని మాట్లాడుకుంటాం. సినిమా ఎంచడం, వేయడం, తర్వాత చర్చ నడపడం నా పని. ఈ పనిలో నాకు బాగా పాఠం నేర్పిన సినిమా ఒకటుంది. దాన్ని మూడుసార్లు వేశాను. మొదటిసారి చెడగొట్టాను, రెండోసారి సగం సరిదిద్దుకున్నాను. ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించే పనిలో ఉన్న ఎవరికైనా ఉపయోగపడుతుందని ఆ అనుభవం మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

సినిమా పేరు 'మదాం టూట్లీ-పూట్లీ'. 2007లో నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా నిర్మించింది. దర్శకులు క్రిస్ లావిస్, మాచెక్ షెర్బోవ్‌స్కీ. నిడివి 17 నిమిషాలు. బొమ్మల్ని కొంచెం కొంచెంగా కదిలిస్తూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీసే స్టాప్‌మోషన్ పద్ధతిలో తీశారు. ఒక్క మాట కూడా ఉండదు. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా ఉత్సవంలో క్రిటిక్స్ వీక్ విభాగంలో బహుమతి గెలిచింది. 2008లో ఉత్తమ యానిమేషన్ షార్ట్ ఫిల్మ్‌గా ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

కథ చెప్పడం తేలిక, చెప్పాక మిగిలేది తక్కువ. ఒక స్త్రీ కొండంత సామానుతో రైల్వే ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. రాత్రి బండి ఎక్కుతుంది. రైలు పెట్టెలో వింత మనుషులు. ఇద్దరు చదరంగం ఆడుతుంటారు, బండి కుదుపులకి పావులు వాటంతట అవే కదులుతుంటాయి. ఒకడు ఆమె వైపు చూస్తూ అసభ్యంగా సైగలు చేస్తుంటాడు. చీకటి పడ్డాక బండి అడవిలో ఆగుతుంది. పెట్టెలోకి పొగలాంటి మత్తువాయువు వస్తుంది, అందరూ నిద్రలోకి జారుకుంటారు, దొంగలు దిగుతారు. వాళ్ళు దోచుకునేది సామాను ఒక్కటే కాదు, ఒంట్లో అవయవం కూడా. తర్వాత ఆమె భయంతో పరుగులు పెడుతుంది. ఒక శలభం కనిపిస్తుంది. ఆఖరికి వెలుగు. ఆమె చనిపోయిందా, కల కందా, ఇంకేదైనా అయిందా అన్నది సినిమా తేల్చి చెప్పదు.

మొదటిసారి

వేసవి సాయంత్రం. పాతికమంది లోపే వచ్చారు. సినిమా మొదలు పెట్టే ముందు నేను ఐదు నిమిషాలు మాట్లాడాను. ఆస్కార్ దాకా వెళ్ళిందని చెప్పాను, కాన్ గురించి చెప్పాను, బొమ్మలకి నిజమైన మనుషుల కళ్ళు అతికించారని కూడా చెప్పేశాను. ఎంతో ప్రేమతో చెప్పాను, అదే తప్పయింది.

సినిమా అయిపోయాక లైట్లు వేసి "ఎలా ఉంది?" అని అడిగాను. ముందు వరసలో పెద్దాయన "బాగుంది సార్" అన్నారు. పక్కావిడ "బాగుందండీ, చాలా కష్టపడ్డారు" అన్నారు. ఆ తర్వాత అందరూ అదే మాట. చర్చ పది నిమిషాల్లో ముగిసింది. చెప్పులు వేసుకునే చోట మాత్రం వేరే మాటలు వినపడ్డాయి. "ఏం అర్థం కాలేదురా." "ఆస్కార్ అంటున్నారు కదా, మనకే తెలీలేదేమో."

ఆ రెండో మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఒక మనిషి తన కళ్ళతో చూసినదాన్ని నమ్మకుండా, ఎక్కడో లాస్ ఏంజెలెస్‌లో ఎవరో వేసిన ఓటుని నమ్మి, లోపం తనదేననుకుంటూ ఇంటికి వెళ్ళాడు. అలా అనుకునేలా చేసింది నేనే. అవార్డు పేరు ముందే చెబితే నచ్చనివాళ్ళు నోరు విప్పరు, నచ్చినవాళ్ళు ఎందుకు నచ్చిందో ఆలోచించరు.

రెండు రోజుల తర్వాత కొందరికి ఫోన్ చేశాను. అడిగింది ఒకటే: "అర్థం కాలేదు అన్నారు కదా, ఎక్కడ దారి తప్పింది?" సిగ్గుపడుతూ ఒక్కొక్కరూ చెప్పారు. అడవిలో బండి ఆగిన తర్వాత ఏం జరిగిందో తెలియలేదని చాలామంది అన్నారు. "ఏదో మనుషులు వచ్చినట్టున్నారు" అని ఒకరు. "దొంగలా? దొంగలు ఎక్కడ ఉన్నారండీ అందులో?" అని ఇంకొకరు.

అప్పుడు వెళ్ళి హాల్లో అదే సమయానికి అదే ప్రొజెక్టర్‌తో మళ్ళీ వేసి చూశాను. వేసవి కాబట్టి ఏడింటికి కూడా పడమటి కిటికీలోంచి వెలుతురు వస్తోంది. తెర మీద అడవి, పొగ, దొంగలు అన్నీ కలిసి ఒకే బూడిద రంగు ముద్ద. పైగా ల్యాప్‌టాప్ స్పీకర్లలోంచి వచ్చే శబ్దంలో రైలు చక్రాల లోతైన గుడగుడ (బేస్) అసలు లేదు. ఉన్న కాస్తా సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయింది. మాటల్లేని సినిమాలో కథ నడిపేది శబ్దమే. ఆ శబ్దాన్ని తీసేసి, చీకటిని చెడగొట్టి, "ఎలా ఉంది?" అని అడిగాను. వాళ్ళు "అర్థం కాలేదు" అన్నది నిజానికి "కనపడలేదు, వినపడలేదు" అని. వాళ్ళు మర్యాదస్థులు కాబట్టి నెపం తమ మీదే వేసుకున్నారు.

చీకటి ఎక్కువగా ఉన్న సినిమా గురించి ప్రేక్షకుడి అభిప్రాయం తీసుకునే ముందు, అది సినిమా గురించా లేక గది గురించా అని తేల్చుకోవాలి. ఈ మాట నేను ఇప్పుడు కొత్తగా చేరిన ప్రతి వాలంటీర్‌కీ చెబుతున్నాను.

రెండోసారి

మళ్ళీ వేయడానికి మూడు నెలలు ఆగాను. కిటికీలకి నల్ల గుడ్డ కుట్టించాం. మేకులకి తగిలించే గుడ్డ, అంచుల్లో వెలుగు రాకుండా గోడకి టేపు. పెళ్ళిళ్ళకి సౌండ్ సిస్టం అద్దెకిచ్చే మిత్రుడి దగ్గర రెండు బాక్సులు తెచ్చాం. సినిమా నడిచినంతసేపూ ఫ్యాన్లు ఆపేశాం. పదిహేడు నిమిషాలే కదా, ఎవరూ విసుక్కోలేదు. ఎక్కువగా కొత్తవాళ్ళనే పిలిచాం. అవార్డుల మాట ఎత్తలేదు. దేశం పేరు కూడా చెప్పలేదు.

సినిమా అయ్యాక వెంటనే లైట్లు వేయలేదు. ఒక నిమిషం ఆగి, మూలన చిన్న బల్బు వెలిగించి, తలా ఒక చీటీ, పెన్సిలూ ఇచ్చాం. పక్కవాళ్ళతో మాట్లాడకముందే రాయాలి. పేరు అక్కర్లేదు. ప్రశ్నలు మూడు: కళ్ళు మూసుకుంటే ముందుగా కనిపిస్తున్న దృశ్యం ఏది? ఎక్కడ మీకు ఇబ్బందిగా అనిపించింది? ఆఖర్న ఆమెకి ఏమైందని మీరు అనుకుంటున్నారు? నచ్చిందా లేదా అని అడగలేదు. రేటింగు అడగలేదు. ఇంత చిన్న గుంపులో శాతాలు లెక్కగట్టడంలో అర్థం లేదు కాబట్టి ఇక్కడ కూడా అంకెలు ఇవ్వను, నేను చూసింది చెబుతాను.

చీటీలు రెండు దొంతరలుగా పడ్డాయి. స్త్రీ, పురుషుడు అని రాయమనలేదు కానీ, తర్వాత ఎవరి చీటీ వాళ్ళు చదివి వినిపించినప్పుడు తెలిసిపోయింది. మగవాళ్ళ చీటీల్లో ఎక్కువగా ముందు వచ్చింది చదరంగం, కదిలే పావులు, లేదా పొగ. ఆడవాళ్ళ చీటీలు దాదాపు అన్నీ ఎదురుగా కూర్చుని సైగలు చేసే మనిషితోనే మొదలయ్యాయి. ఒక కాలేజీ అమ్మాయి రాసింది: "ఆమె కిటికీ వైపు తిరిగి చూడనట్టు నటించింది. నేనూ అంతే చేస్తాను." ఇంకో ఆవిడ: "దొంగలు వచ్చేసరికి నాకు కొత్తగా భయం వేయలేదు, అప్పటికే వేసింది."

ఒక మగాయన ఈ చీటీలు విని ఆశ్చర్యపోయి, "అలాంటి మనిషి ఉన్నాడా? నేను గమనించనే లేదు" అన్నాడు. చర్చ ఆ క్షణంలో మొదలైంది. గంటన్నర సాగింది. మొదటి ప్రదర్శనలో ఇదే మనుషుల్లాంటి మనుషులు, ఇదే సినిమా, పది నిమిషాలు.

ఈ సినిమాని కొందరు హారర్ అంటారు, కొందరు ఫాంటసీ అంటారు. ఆడవాళ్ళ చీటీలు చదివాక నాకు అనిపించింది, ఇందులో ఫాంటసీ ఎక్కడ మొదలవుతుందన్నది చూసేవాళ్ళ జీవితాన్ని బట్టి ఉంటుందని. మగవాళ్ళకి బండి ఆగాక మొదలైన పీడకల, ఆడవాళ్ళకి బండి ఎక్కగానే మొదలైంది. ఆ లెక్కన పొగ, దొంగలు వాళ్ళకి అప్పటికే జరుగుతున్నదానికి కొనసాగింపు మాత్రమే.

మత్తువాయువు దృశ్యం మనవాళ్ళకి విదేశీగా అనిపించలేదు. "ఇది మత్తు బిస్కెట్ల ముఠా కదండీ" అన్నారు వెనక నుంచి ఒకరు. అపరిచితులు పెట్టిన తినుబండారాలు తినొద్దని మన రైల్వేస్టేషన్లలో ఎన్నేళ్ళ నుంచి ప్రకటనలు వింటున్నామో. రైల్వేలో పనిచేసి రిటైరైన బాబాయ్ ఒకాయన మా దగ్గరికి క్రమం తప్పకుండా వస్తారు. ఆయన చీటీలో పొగ లేదు, దొంగలు లేరు. "బండి ఆగిన నిశ్శబ్దం" అని రాశారు. అడిగితే వివరించారు: "నడిచే బండిలో చప్పుడు ఉన్నంతసేపు మనిషికి నిద్ర పడుతుంది. స్టేషన్ కాని చోట బండి ఆగితే నిద్రలో ఉన్నవాడు కూడా లేస్తాడు. సిగ్నల్ లేదా, చైన్ లాగారా, ఇంకేమైనానా అని. ఆ నిశ్శబ్దం నాకు ముప్పై ఏళ్ళు తెలుసు." మొదటి ప్రదర్శనలో ల్యాప్‌టాప్ స్పీకర్ల మీద ఆ నిశ్శబ్దం ఎవరికీ వినపడి ఉండదు. చప్పుడు వినపడితేనే కదా అది ఆగినట్టు తెలిసేది.

కళ్ళు

చాలా చీటీల్లో ఇబ్బంది కలిగించింది కళ్ళే. "బొమ్మ అనుకుని చూస్తున్నాను, ఉన్నట్టుండి అది నన్ను చూసింది" అని ఒకరు. "శవానికి ప్రాణం వచ్చినట్టు" అని ఒకరు. ఒకరికైతే కోపం వచ్చింది: "ఇది మోసం. బొమ్మ అయితే బొమ్మలా ఉండాలి."

ఈ ఇబ్బందికి ఒక పాత వివరణ ఉంది. జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లో ఒక వ్యాసం రాశాడు. మనిషిని పోలిన వస్తువు మనిషికి దగ్గరవుతున్న కొద్దీ మనకి దాని మీద ఇష్టం పెరుగుతుంది, దాదాపు మనిషిలా ఉండి పూర్తిగా మనిషి కాని చోట మాత్రం ఇష్టం కాస్తా జంకుగా మారిపోతుంది అన్నాడు. చాలా యానిమేషన్ సినిమాలు ఆ చోటికి పోకుండా జాగ్రత్తపడతాయి. ఈ దర్శకులు కావాలని అక్కడికే వెళ్ళి కూర్చున్నారు.

చేసిన విధానం ఇదీ. ముందు బొమ్మలతో దృశ్యమంతా స్టాప్‌మోషన్‌లో తీశారు. తర్వాత నటుల్ని కూర్చోబెట్టి, బొమ్మ తల ఎటు తిరిగితే అటు తిప్పిస్తూ, బొమ్మ మీద పడ్డ వెలుగే వాళ్ళ ముఖాల మీద కూడా పడేలా చూసుకుని కళ్ళు చిత్రీకరించారు. ఆ కళ్ళని బొమ్మ ముఖాల మీద అతికించారు. ఈ పద్ధతి రూపొందించిన కళాకారుడు జేసన్ వాకర్. మదాం కళ్ళు లారీ మేహర్ అనే నటివి. పదిహేడు నిమిషాలంటే సెకనుకి 24 చొప్పున 24 వేలకి పైగా ఫ్రేములు. ముఖాలు కనిపించే ప్రతి చోటా, రెప్పపాటు తేడా వచ్చినా కళ్ళు ముఖం మీద జారినట్టు కనిపిస్తాయి. ఎంత ఓపిక ఉంటే అయ్యే పని అది!

ధూల్‌పేటలో వినాయక విగ్రహాలకి రంగులు వేసే కుర్రాడు ఒకడు ఆ రోజు వచ్చాడు. ఎక్కువ మాట్లాడడు. ఇదంతా విని మెల్లగా అన్నాడు: "మేమూ కళ్ళు చివర్లోనే వేస్తాం అన్నా. కళ్ళు వేసేదాకా అది మట్టి. వేశాక దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చోలేం." హాలు కాసేపు నిశ్శబ్దమైపోయింది. గుళ్ళలో విగ్రహ ప్రతిష్ఠకి ముందు జరిపే నేత్రోన్మీలనం, అంటే విగ్రహానికి కళ్ళు తెరిపించే తంతు గురించి నాకు తెలుసు, చదివాను. కానీ ఈ సినిమాకి దాన్ని ముడిపెట్టాలని నాకు తట్టలేదు. కెనడాలో ఇద్దరు దర్శకులు కంప్యూటర్ సాయంతో చేసిన పని ఆ అబ్బాయికి చేతిలో కుంచె పట్టుకున్నంత దగ్గరగా తెలిసింది. మోరి సిద్ధాంతం కన్నా ఆ అబ్బాయి మాటలే ఆ రోజు అక్కడున్న వాళ్ళకి ఎక్కువ పనికొచ్చాయి.

అయితే ఇక్కడే నేను ఇంకో పొరపాటు గమనించాను. కళ్ళ సాంకేతికత వివరించగానే ప్రశ్నలన్నీ అటే వెళ్ళిపోయాయి. ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు. అప్పటిదాకా తమ భయాల గురించి మాట్లాడుతున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. తయారీ ముచ్చట్లు వినడానికి బాగుంటాయి, అందుకే వాటిని మొదలుపెడితే ఇక వేరే మాట రాదు. ఇప్పుడు వాటిని ఆఖరి పావుగంటకి మాత్రమే ఉంచుతున్నాను.

ముగింపు గురించి

మూడో ప్రశ్నకి వచ్చిన జవాబుల్ని రాత్రి ఇంటికెళ్ళి నేల మీద పరిచి చదివాను. చనిపోయిందన్నవాళ్ళు ఎక్కువ. పొగ పీల్చినప్పుడే చనిపోయింది, ఆ తర్వాతదంతా ప్రాణం పోయే ముందు కనిపించే దృశ్యం అని కొందరు వివరంగా రాశారు. కల అన్నవాళ్ళు కొద్దిమంది. శలభం అయిపోయిందని ఇద్దరు ముగ్గురు. "తెలీదు, తెలియకపోయినా పర్వాలేదు" అని ఒకరు. ఆ చీటీ నేను దాచుకున్నాను.

దీపాన్ని చూసి ఎగిరొచ్చే శలభం మన కవిత్వంలో ఎప్పటి నుంచో ఉంది. అందులో దాని పని కాలిపోవడం. అందుకే మనవాళ్ళలో చాలామంది శలభం కనిపించగానే చావు అని తేల్చుకున్నారు. ఒక అమ్మమ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. "మా ఊళ్ళో వానాకాలం దీపాల పురుగులు వస్తాయి. పొద్దున లేచి చూస్తే రెక్కలే ఉంటాయి, పురుగు ఉండదు. అది చచ్చిందో, రెక్కలు వదిలేసి పోయిందో ఎవరు చూశారు?" అన్నారు. అంత సామానుతో బయల్దేరిన మనిషి ఆఖర్న ఏమీ లేకుండా అయిపోయిందన్న విషయం మీదకి చర్చ మళ్ళింది ఆవిడ మాట వల్లే. సామాను అంటే గతం అని ఒకరు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అని ఒకరు, భర్తని వదిలేసి వచ్చేసిందని ఒకరు. ఏది సరైనదని నన్ను అడిగారు. నేను చెప్పలేదు. దర్శకులు తేల్చనిదాన్ని చర్చ నడిపేవాడు తేల్చకూడదని నా నమ్మకం.

చివర్లో ఆస్కార్ సంగతి చెప్పాను. మొదటి ప్రదర్శనలో నోళ్ళు మూయించిన అదే మాట ఈసారి గొడవ లేపింది. "మరి ఎందుకు రాలేదు?" అని అడిగారు. ఆ ఏడాది గెలిచింది సూజీ టెంపుల్టన్ తీసిన 'పీటర్ అండ్ ద వుల్ఫ్', అది కూడా బొమ్మలతో తీసిన స్టాప్‌మోషనే అని చెప్పాను. దాన్ని కూడా చూపించమని పట్టుబట్టారు. తమ అభిప్రాయం ముందే చీటీ మీద రాసుకున్నారు కాబట్టి, ఇప్పుడు ఆస్కార్ ఓటర్లతో కూడా వాదించే ధైర్యం వాళ్ళకి ఉంది.

నేను చూసుకోవాల్సింది చూసుకోలేదు

రెండో ప్రదర్శనలో దొంగల దృశ్యం నడుస్తుండగా ఒకావిడ లేచి బయటకి వెళ్ళిపోయారు. నీళ్ళ కోసమేమో అనుకున్నాను. సినిమా అయ్యాక చూస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నారు, చేతులు వణుకుతున్నాయి. కొన్నేళ్ళ క్రితం రాత్రి ప్రయాణంలో ఆవిడ మెడలో గొలుసు తెంపుకుపోయారట. బండి ఆగిన చోటు కూడా అలాగే చీకటిగా ఉందట. "సినిమా బాగోలేదని కాదండీ" అని పదే పదే చెప్పారు, నన్ను బాధపెట్టకూడదని.

అవార్డుల గురించి ఏమీ చెప్పకూడదన్న పట్టుదలలో, చెప్పి తీరాల్సింది కూడా చెప్పలేదు నేను. సినిమా పూర్తిగా తాజాగా తగలాలన్న కోరిక, ఎదుటి మనిషి ఏ గాయంతో వచ్చి కూర్చున్నారో తెలియని చోట ప్రమాదం. ఆ రాత్రి ఆవిడని ఇంటి దాకా దింపి వచ్చాను. దారిలో ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ప్రతి ప్రదర్శనకి ముందు రెండు వాక్యాలు చెబుతున్నాను. ఇందులో ఒక స్త్రీని వేధించే దృశ్యం ఉంది, రైలు దోపిడీ, ఒళ్ళు కోసే దృశ్యం ఉన్నాయి. తలుపు తెరిచే ఉంటుంది, ఎప్పుడైనా వెళ్ళొచ్చు, మళ్ళీ రావచ్చు. కథ బయటపడిపోతుందని మా క్లబ్‌లో ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. మూడోసారి ఈ మాటలు చెప్పే వేశాను. చీటీల్లో భయం ఏమీ తగ్గలేదు. ఏం జరగబోతోందో తెలిసినా బండి ఆగినప్పుడు హాల్లో ఊపిరి బిగబట్టిన చప్పుడు నాకు వినపడింది.

తలుపు తెరిచి ఉంచితే వరండా వెలుగు తెర మీద పడుతుంది. అందుకని తలుపుకి కూడా నల్ల గుడ్డ తెర కట్టాం, పక్కకి తోసుకుని వెళ్ళేలా.

మూడోసారి ఆవిడ కూడా వచ్చారు. తలుపు పక్కన కుర్చీ అడిగి వేయించుకున్నారు. దొంగల దృశ్యం దగ్గర లేచి, గుడ్డ తోసుకుని వరండాలోకి వెళ్ళారు. రెండు నిమిషాల తర్వాత తిరిగొచ్చి కూర్చున్నారు. చీటీలు పోగుచేసేటప్పుడు ఆవిడది నా చేతికే ఇచ్చారు. మొదటి రెండు ప్రశ్నలకి ఏమీ రాయలేదు. మూడోదానికి మాత్రం, పెన్సిల్ గట్టిగా నొక్కి రాశారు: "దిగిపోయింది."